పసుపుగానే ఉండిపోయిన గుడ్లు

అమ్మాయీ,

కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. పట్టుగూళ్లు తొలుచుకుని పొద్దున్నే రెక్కల పురుగులు బయటికొచ్చాయి, అట్టపెట్టెలో జత కట్టాయి. మధ్యాహ్నం దాకా కదపకు. ఆ తర్వాత మెల్లిగా విడదీసి, ఆడదాన్ని తెల్ల కాగితం మీద వదిలి గిన్నె బోర్లించు. గుడ్లు కాగితానికి అంటుకుపోతాయి, గోటితో గీకకు. మూడు నాలుగు రోజుల్లో బూడిద రంగుకి తిరిగితేనే అవి పిల్లలవుతాయి.

కిందటిసారివి పసుపుగానే ఉండిపోయాయి కదా. "ఇది గొడ్డుది, పారెయ్" అన్నాను. అదీ నీ ముందు. నువ్వు ఆ కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయావు.

దాని తప్పేం లేదమ్మా. ఆ రోజు పక్కింటావిడ వచ్చింది. హాల్లో ఆ జతను చూసి నవ్వుతుందేమోనని, పట్టుమని పది నిమిషాలన్నా కాకముందే నేనే లాగేసి విడదీశాను. నీకు చెబుదామంటే పెద్దరికం అడ్డొచ్చింది. నెల రోజులుగా అన్నం సయించడం లేదు.

మీ అత్తయ్య

పెట్టె మీ ఇద్దరి గదిలో పెట్టాను, అక్కడైతే ఎవరూ కదపరు. నేను కూడా ఇకమీదట తలుపు తట్టకుండా రాను.