ఇస్సాకు గీత

ఉప్పుగూడ, ఆదివారం

ఇస్సాకు బావకు భిక్షపతి దండాలు.

ఇక్కడ మేమంతా మంచిగున్నం, నీ మోకాళ్లు మంచిగున్నయని తలుస్త. ఫోన్‌ల మనిద్దరం మాట్లాడుకుంటే లొల్లే అయితున్నదని మీ చెల్లె మాణిక్యమ్మ బంద్ పెట్టించింది గనక, చర్చికి వస్తున్న ఆమె చేతికే ఈ ఉత్తరం ఇస్తున్న.

ముచ్చటేందంటే, టైలర్ మురళి కొడుకు ప్రణీత్ ఉన్నడు గదా, పంతొమ్మిదేండ్లు. మన బాస్కెట్‌బాల్ కోర్టుల నువ్వు వయసులున్నప్పుడు నిలబడి చెయ్యెత్తి స్తంభం మీద గీసిన గీత, ఇన్నేండ్లల్ల ఎవ్వరూ ఎగరకుండ అందుకోలేదు. నిన్న వాడు అందుకున్నడు. ఇంకో ఇస్సాకు పుట్టిండని ఉప్పుగూడంత అంటున్నది. వచ్చే నెల రైల్వే టీముకు ఎంపిక ఉన్నది, దొరికితే నౌకరి. 'నా అంతటోడు' అని ఆడి కోచ్‌కు ఒక్క మాట రాసి సంతకం పెట్టు.

ఇట్లు,
నీ బావ భిక్షపతి

తా.క.: నిజానికి వాని వేళ్లు గీత దాటినయి. నువ్వు బాధపడ్తవని ఉత్తరంల రాయలేదు.

*

సంతోష్‌నగర్

బావ భిక్షపతికి ఇస్సాకు వందనాలు.

సంతకం పెట్టను.

చెయ్యి పొడుగున్నోళ్లందరు సెంటర్ ఆడితే కరెంటు స్తంభాలకు గూడ నౌకర్లు ఇయ్యాలె. నేను రింగు కింద నిలబడితే ఇద్దరు నా నిక్కరు పట్టుకొని వేలాడెటోళ్లు, అయినా బంతి నాకే వచ్చేది. ఇల్లలకంగనే పండుగ కాదు. నా గీత నేల నుంచి తొమ్మిదడుగులకు ఒక్క అంగుళమే తక్కువ. ఆరడుగుల మూడంగుళాల పోరని చెయ్యి అంత దూరం ఎట్ల పోతది?

ఇట్లు,
ఇస్సాకు

తా.క.: ఈ ఉత్తరం చెల్లె దారిల చదువుతదని నాకు ఎరుకే. చెల్లె, నిక్కరు సంగతి మీ వదినకు చెప్పకు.

*

ఉప్పుగూడ

ఇస్సాకు బావకు,

దండాలు ఈసారి లేవు. మురళిని పిలిచి టేపు పెట్టించిన. నీ గీత ఎనిమిదడుగుల రెండంగుళాలే ఉన్నది. ఇన్నేండ్లు మమ్మల్ని నమ్మించినవు. ఆ గీత చూపించి నీ కథలు చెప్పుకుంట పోరగాండ్లను పెంచిన, వాళ్లకిప్పుడు నా మొహం ఎట్ల చూపియ్యాలె? గేటు మీద నీ పేరు గీకేద్దమని కోర్టు కమిటీ అంటున్నది. నేను అడ్డం పడలేదు.

ఇట్లు,
కోర్టు కార్యదర్శి భిక్షపతి

తా.క.: టేపు తప్పంటవేమో. మురళి నాయిన నీ పెండ్లి సూటుకు కొలతలు తీసింది దానితోనే.

*

సంతోష్‌నగర్

కార్యదర్శి గారికి,

గీత కొలిచినవు, మంచిది. రింగు గూడ కొలువు. ఏ ఊర్లనైనా అది పదడుగులుండాలె. అది గూడ అబద్ధాలకోరే అయితే దాన్ని గూడ గీకేయుండ్రి.

ఇస్సాకు

తా.క.: గీకేటప్పుడు గేటు జాగ్రత్త. ఆ రంగు నేనే వేసిన.

*

ఉప్పుగూడ

బావకు వెయ్యి దండాలు.

రింగు తొమ్మిదడుగుల మూడంగుళాలే ఉన్నది, నీ గీత లెక్కనే అది గూడ తొమ్మిదంగుళాలు తక్కువ. తప్పు నీది కాదు, నాది. నాలా నీళ్లొచ్చి నేల పాడైనప్పుడల్ల, పాతది తవ్వకుండ మీద మీదనే సిమెంటు పోయించిన, మన గల్లీ రోడ్లు వేసినట్టే. పోయించినప్పుడల్ల నాకు దండలు గూడ వేసిండ్రు. నేల లేచింది, స్తంభం ఉన్నకాడనే ఉన్నది.

ప్రణీత్‌కు ఈ పొట్టి రింగే అలవాటు. నిన్న వేరే కోర్టుకు తీస్కపోతే ఒక్క బంతి పడలేదు. అప్పటిసంది వాడు అన్నం ముట్టలేదు. ఎంపిక దగ్గరికొచ్చింది, నాకు భయమైతున్నది బావ. నేను పోయించిన సిమెంటు వాని నౌకరి మీద పడ్డది. ఏమన్న చెయ్యి.

నీ భిక్షపతి

తా.క.: కమిటీ తొందరపడ్డది. గేటు మీద నీ పేరుల ఆఖరి అక్షరమే మిగిలింది. మళ్ల రాపిస్త.

*

సంతోష్‌నగర్

బావకు వందనాలు.

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. నీ ఉత్తరం దారిల చదివి, చెల్లె వెనుకకు మళ్లి పోరన్ని గూడ వెంటబెట్టుకొని వచ్చింది. అప్పటిసంది దినాం పొద్దుగాల ఇక్కడి కోర్టుల ఆడించిన. మొదటి దినం ఒక్కటి పడలేదు. కాని తప్పిన బంతి కాడికి అందరికన్న ముందు చేరేది వాడే. నేను నిక్కరు పట్టుకొని గుంజినా ఆగలేదు. అది నేర్పిస్తే వచ్చేది కాదు, నాకు మస్తు సంతోషమైంది. 'నాకన్న నాలుగంగుళాలు పొట్టి, నాకన్న మొండి' అని రాసి సంతకం పెట్టిన. కోచ్ ఆ కాయితం విప్పనే లేదు, ఆట చూసే తీసుకున్నడు. నిన్న పేర్లు చెప్పిండ్రు, మనోడు ఉన్నడు.

ఇట్లు,
నీ బావ ఇస్సాకు

తా.క.: పోయిన క్రిస్మస్‌కు మీ ఇంటికొచ్చినప్పుడు ఒక్కన్నే కోర్టుకు పోయి చెయ్యెత్తిన. చెయ్యి జానెడు గీత దాటింది. ఈ వయసుల గూడ పెరుగుతున్ననని సంబరపడి, మురళి వద్దంటున్నా ప్యాంట్లు పొడుగ్గ కుట్టించిన. నీ సిమెంటు సంగతి తెలిసేదాంక వాటిని మడతలు పెట్టుకొని తొడుక్కున్న, ఇంక పెరుగుతనని. చెల్లె చేతికి ఇచ్చి పంపుతున్న, కత్తిరించుమని మురళికి చెప్పు.