నట్టల మందు రోజు

చెల్లెలు మస్తానమ్మకు,

గొర్రెలకు నట్టల మందు పోస్తామని పిలిచి మనుషులకు పాఠం చెబితే ఏమనాలి, నువ్వే చెప్పు! మొన్న పెద్దారవీడులో పశువుల డాక్టరు దగ్గర మందలతో వరుసలో నిలబడ్డాం. ఇళ్లలో ఆడవాళ్లను కొట్టొద్దని ఊరూరా చెప్పే లక్ష్మీకుమారి అక్కడికే వచ్చింది. మీటింగని పిలిస్తే మేం రామనీ, మందు పడేదాకా మందను వదిలి కదలలేమనీ ఆమెకు తెలుసు. మగవాళ్లను పట్టడానికి ఇంత తెలివైన ఉచ్చు నేనింతవరకు చూడలేదు.

"ఏందమ్మా, గొర్రెలకు మందు, మాకు పాఠమా?" అన్నాడు మన బ్రహ్మం.

"నట్టలంటే కడుపులో పురుగులు మామా, పైకి కనపడవు. మీయి ఏడుండాయో చూద్దామని వచ్చినా."

అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

"పొట్టేలు ఒకటి గొర్రెను కుమ్మి కుమ్మి పెడతాంటే ఏంజేస్తారు?" అని అడిగింది.

"పొట్టేల్ని ఇడిగా కట్టేస్తాం."

"ఆ గొర్రెను మళ్లా దాని ముందరికే తోలి, సర్దుకో అంటారా?"

నా నోట్లో ఎప్పుడూ ఒక జోకు ఉంటుంది కదా, ఆ రోజు మాత్రం నువ్వే గుర్తొచ్చావు.

దెబ్బలు తిని ఇంటికొచ్చిన నిన్ను రెండుసార్లు పామూరు బస్సెక్కించి, మీ ఆయన మోహన్‌కృష్ణ ఇంట్లో దించి వచ్చింది నేనే. రెండోసారి, కమిలిన చెంప కనపడకూడదని నువ్వు దారిపొడుగునా కిటికీ వైపే తిరిగి కూర్చున్నావు. నేను కండక్టరుతో జోకులేశాను. పెద్దమనుషుల ముందు మీ ఆయనకు ఆకూవక్కా ఇచ్చి, కలిసిమెలిసి ఉండమని చెప్పి, కోడికూర తిని వచ్చాను. ఆ కూర వండింది కూడా నువ్వే.

"ఇట్ల చెల్లెల్నో బిడ్డనో దించొచ్చినోళ్లు చెయ్యెత్తండి" అంది లక్ష్మీకుమారి. అని, ముందు తన చెయ్యే ఎత్తింది. "మా అక్కను నేనే దించొచ్చినా. మూడో నెలకు మొగుడి దెబ్బకు ఆమె చెవులు పోయినాయి. ఇప్పుడు నేనేం చెప్పినా ఆమెకు ఇనపడదు."

అంతమంది మగవాళ్ల ముందు తన తప్పు చెప్పుకోవడానికి ఎంత గుండె కావాలి! నేనూ చెయ్యెత్తాను. కాసేపటికి బ్రహ్మం ఎత్తాడు.

తర్వాత ఆమె చెప్పింది చిన్న పాఠమే. దెబ్బలు తిన్నామెను 'నువ్వేం చేసినావు' అని అడగొద్దట, 'నీకేం కావాల' అని అడగాలట. ఎనిమిదో తరగతి దాకా చదివాను, ఏ అయ్యవారూ ఈ ప్రశ్న నేర్పలేదు.

అందుకే అడుగుతున్నా. ఫోన్ చేస్తే మీ ఆయన స్పీకర్‌లో పెట్టి వింటాడని, ఈ ఉత్తరం మీ అంగన్‌వాడీ ప్రశాంతి చేతికి పంపుతున్నా. చదివి ఆమె దగ్గరే ఉంచు. నీకేం కావాలి? ఇంటికి వస్తానంటే మీ వదిన నీకోసం ముందరి గది ఖాళీ చేసింది. కేసు పెడతానంటే సాక్షిని నేను. ఇంకేదన్నా సరే, నువ్వు చెప్పిందే చేద్దాం. జవాబు ప్రశాంతికి నోటితో చెప్పినా చాలు.

"కాటమరాజు మామా, జీపు పోతాంది! చంద్రశేఖరపురంలో మొదటి చెయ్యి నీదే!"

లక్ష్మీకుమారి నన్ను కేకేస్తోంది, ఈరోజు ఆ ఊళ్లో మందు పోసే చోట నేనూ మాట్లాడాలి. వస్తున్నానన్నా ఆగదు. అక్కడ నీ పేరు ఎత్తనులే. పదిమందికి చెప్పేముందు నీకు చెప్పాలి కదా. తప్పు నాదే తల్లీ, నువ్వు నన్ను తిట్టినా సరే, జవాబు మాత్రం చెప్పు.

మీ అన్న