నది మధ్యలో కుశలప్రశ్నలు

దూంగె రేవు, సెనెగల్ ఒడ్డు
2019 ఫిబ్రవరి 11

బావమరిది దెంబాకి,

నీకూ నీ గడపకీ శాంతి కలగాలని యేరో బావ దీవెనలు. ఇక్కడ నేను తింటున్నాను, నిద్రపోతున్నాను, ఈగలు తోలుకుంటున్నాను.

నిజానికి ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నువ్వు బా వంశం వాడివి. ఉడికిన అలసందల వాసన తప్ప మీ వాళ్ల బుర్రకి ఇంకేదీ ఎక్కదని మా డియాలోలు తాతల నాటి నుంచీ వేళాకోళంగా చెబుతూనే ఉన్నారు. కానీ నేను బయల్దేరే ముందు రోజు నువ్వు, ఊరికి టికెట్ కూడా కొన్నానంటూ, జేబులోంచి తీసి చూపించిన కొత్త పాస్‌పోర్టు కళ్లముందు నుంచి పోవడం లేదు. ముప్పై ఏళ్ల కిందట మన కాగితాలు చింపి, ఆవుల్ని ఉంచుకుని, మనల్ని ఈ నది దాటించి తరిమిన మారిటానియా వాళ్ల దగ్గరికే వెళ్లి, చేతులు కట్టుకుని పాస్‌పోర్టు అడిగి తెచ్చుకున్నావు. అమెరికా వాళ్ల ముందేమో అక్కడికి వెళితే ప్రాణం దక్కదని ప్రమాణం చేసి గ్రీన్‌కార్డు తీసుకున్నావు. రెండూ ఒకే జేబులో ఎలా పెట్టుకున్నావురా?

వకీలమ్మ మనిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది గుర్తుందా? ఆ నేల మీద అడుగు పెడితే, అప్పుడు చెప్పిన భయం అబద్ధమా అని అడుగుతారు, కార్డు ఊడిపోవచ్చు అంది. నువ్వు తలూపావు. నువ్వు పెళ్లిళ్లలోనూ అలాగే, ఏమీ వినకుండానే, తలూపుతావు.

అమెరికా పౌరసత్వం ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ఆ పరీక్ష నేను రెండుసార్లు తప్పాను. జెండా మీద చారలెన్ని అని అడిగింది పరీక్ష పెట్టే అమ్మాయి. చారలనగానే మా నాన్న ఆవులకి వేసే వాతలు గుర్తొచ్చి ఆ కథ ఎత్తుకున్నాను. పావుగంట విన్నది పాపం. చారలు చెప్పే వేళకి సమయం అయిపోయింది.

సరే, విషయానికొస్తాను. అమ్మకి తొంభై దాటాయి. లేచి నాలుగడుగులు వేయలేకపోతోందని తాక్కో అక్క కబురు పెట్టింది. నేను అమెరికా వాళ్లిచ్చిన శరణార్థి ప్రయాణ పుస్తకం పట్టుకుని ఇవతలి ఒడ్డుకి వచ్చాను. ఇక్కడి నుంచి చూస్తే అవతల మారిటానియాలో మన ఊరు, మసీదు, చేపలు ఎండేసే పందిళ్లు అన్నీ కనిపిస్తాయి. పడవలో పది నిమిషాలు. అమ్మని ఇటు తీసుకురమ్మన్నాను. రానంది. తరిమిన రోజున ఒకసారి దాటాను, తిరిగొచ్చిన రోజున ఇంకోసారి దాటాను, మళ్లీ ఆ ఒడ్డున కాలు పెట్టనని ఒట్టేసుకున్నానంది. కావాలంటే నది మధ్య దాకా వస్తాను, వాడినీ అక్కడిదాకా రమ్మను, అని కబురు చేసింది.

పడవ నడిపే దావ్దా నన్ను తీసుకెళ్లాడు. దారంతా ఒకటే గొణుగుడు. "పెద్దాయనా, కాపలా పడవ మధ్యాహ్నం జోహరు నమాజు వేళకి వస్తుంది. ఈలోగా తెమలండి. మీ ఆవుల వాళ్లు మాటల్లో పడితే లేవరు" అన్నాడు. నది మధ్యలో మా పడవనీ, అటు నుంచి అమ్మ వచ్చిన పడవనీ పక్కపక్కన చేర్చి తాడు కట్టాడు. అమ్మ మూటలా ముడుచుకుని కూర్చుంది. ఒళ్లో పెరుగు పోసిన సొరబుర్ర. ఇరవై రెండేళ్ల తర్వాత చూస్తున్నాను. నా మణికట్టు పట్టుకుని కుశలం మొదలుపెట్టింది.

మన కుశలం నీకు తెలియనిదా? మధ్యలో ఆపకూడదు, తొందరపడకూడదు. ఇల్లు తగలబడుతున్నా, అన్నీ అయ్యేదాకా "శాంతే" అనాలి. చెడు కబురుంటే ఆ తర్వాతే చెప్పాలి.

"ఒంట్లో శాంతేనా?"

"శాంతే, అమ్మా."

"నీ ఇంట్లో శాంతేనా?"

"శాంతే."

"నా కోడలు దాడో?"

దెంబా, దాడోని మట్టిలో పెట్టిన రోజు నా పక్కన నిలబడ్డది నువ్వే. ఈ మాట ఫోనులో చెప్పలేకే కదా ఇంత దూరం వచ్చాను.

"శాంతే, అమ్మా" అన్నాను.

తర్వాత పిల్లలు, నా మోకాళ్లు, నీ మోకాళ్లు, అమెరికాలో మనముండే కొలంబస్ ఊరి ఆవులు. అక్కడ నేను చూసిన ఆవులు పాల డబ్బా మీద బొమ్మలే. వాటికీ శాంతే అన్నాను. అంతలో ఎగువన ఇంజను చప్పుడు వినిపించింది. అమ్మ ఆగలేదు. ఎప్పుడో పోయిన మా ఎర్రావు దూడ సంగతి అడుగుతోంది. దావ్దా తాడు మీద చెయ్యి వేసి, "ఇక వదిలేస్తున్నా, పెద్దాయనా. ఎటు ఉంటారో తేల్చుకోండి" అన్నాడు.

తాడు వదిలాడు. ఆమె పడవ అటు వెళ్లింది, నాది ఇటు వచ్చింది. దాడో సంగతి చెప్పనే లేదు. అయినా ఆ ఒడ్డున అడుగు పెట్టలేదు, కార్డు భద్రం. నన్ను చూసి నేర్చుకో. నీ పాస్‌పోర్టు నీ అలసందల డబ్బాలో దాచెయ్, టికెట్ రద్దు చేసుకో.

నీ మేలు కోరే, నీకంటే తెలివైన బావ,
యేరో డియాలో

తా.క. పై ఉత్తరం రేవులో రాశాను, పోస్టు చెయ్యలేదు. ఇది అమెరికాలో దిగాక, విమానాశ్రయం లోపలి గదిలో రాస్తున్నాను. పైన ఒక అబద్ధముంది. తాడు వదిలే లోపలే నేను అమ్మ పడవలోకి దిగాను. దాడోకి శాంతే అన్న మాటతో ఆమెని అలా పంపలేకపోయాను. మన ఒడ్డున, మన ఇంట్లో, మూడు గ్లాసుల టీ అయ్యేదాకా కూర్చున్నాను. మూడో గ్లాసు తర్వాత చెప్పాను. పడవలోనే నీ మొహం చూసి తెలుసుకున్నానురా, కుశలం అవ్వాలి కదా అని ఆగాను, అంది. చీకటి పడకముందే దావ్దా వచ్చి తీసుకెళ్లాడు.

ఇక్కడ అధికారి, కుర్రవాడు, మర్యాదగానే అడిగాడు, పారిపోయి వచ్చిన దేశంలో అడుగు పెట్టారా అని. శరణు అడిగిన రోజు వీళ్లు నా దగ్గర కాగితం ముక్క లేకపోయినా నా మాట నమ్మారు. పెట్టానన్నాను. ఎంతసేపు అన్నాడు. మూడు గ్లాసులసేపు అన్నాను. ఆ మాట ఎలా రాయాలో తెలియక కాసేపు ఆలోచించాడు.

నీకు చెప్పిన సలహాలో మార్పు లేదు.

అతను నా కార్డు తీసుకుని, కూర్చోమన్నాడు. గదిలో పదకొండు కుర్చీలున్నాయి. తలుపు పక్కదాంట్లో కూర్చున్నాను.