అమ్మ మందుల పట్టీ

మడకశిర,
18 ఫిబ్రవరి 2025

నాగేశ్వరన్నకు,

చెల్లెలు హేమావతి నమస్కారాలు. కణేకల్లో నువ్వూ, వదినా, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ అమ్మ లేచి కూర్చుని రెండు ముద్దలు తింటోంది. ముందు ఆ మాట నీకు చేరాలి. నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఎత్తకపోవడంలో నీ తప్పు లేదు. ఆసుపత్రి వరండాలో నిలబడి ఫోన్‌లో నిన్నూ, వదిననూ నేనన్న మాటలు అలాంటివి.

ఏం జరిగిందో నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు. పోయిన నెల మీ ఇంటి నుంచి వచ్చినప్పుడు అమ్మ బాగానే ఉంది. ఈ నెల మూడో తేదీ పొద్దున గొర్రెపిల్లలకు మేత వేస్తూ కూలబడింది. మొహంలో రక్తం చుక్క లేదు. రెండు రోజులుగా విరేచనం తారులా నల్లగా అవుతోందని అప్పుడు చెప్పింది. హిందూపురం ఆసుపత్రికి చేరేసరికి నాడి అందడం లేదన్నారు.

ఏ మందులు వాడుతోందని అడిగారు. ప్లాస్టిక్ కవరు బల్ల మీద కుమ్మరించాను. అన్నీ పేర్లు చిరిగిన అట్టలు, విడి మాత్రలు. రూతు అనే నర్సమ్మ, "ఏమమ్మా, ఇవి చూసి నాకేం తెలుస్తాది? ఏది ఎప్పుడేస్తాండావు, ఎంతేస్తాండావు?" అంది. గుండెలో వాల్వు వేసినప్పటి నుంచి వాడే రక్తం పలచన చేసే మాత్ర రోజుకు ఒకటిన్నర అని వదిన చెప్పి పంపింది, అదే చెప్పాను. డాక్టరు రాసిన కాగితం చూపమంటే లేదు. "ఇంకేమన్నా మింగిస్తాండావా?" అని మళ్లీ అడిగింది. లేదన్నాను. మా వదిన చెప్పిన లెక్కే తప్పయి ఉంటుందన్నాను. అదే మాట ఫోన్‌లో నీ మీద అరిచాను.

కడుపులో రక్తం కారుతోందని తేలింది. మూడు సంచుల రక్తం ఎక్కించారు. పలచన మాత్ర ఎక్కువైందనుకుని సగానికి తగ్గించి పంపారు.

వచ్చేటప్పుడు రూతమ్మ నన్ను పక్కకు పిలిచి, "పట్టీ రాసి ఆయమ్మ సంచిలోనే పెట్టు. మనిషి యాడికి పోతే పట్టీ ఆడికి పోవాల" అంది. రాశాను. మాత్ర పేరు, దేనికి, ఎప్పుడు, ఎంత, ఎవరు రాసిచ్చారు. నకలు ఇందులో పెడుతున్నాను. నీ దగ్గర పాత చీటీలు ఉంటే సరిచూడు. వచ్చే నెల అమ్మ మీ దగ్గరికి వస్తుంది. ఏ మాత్ర కొత్తగా చేరినా, ఆపినా ఆ రోజే రాయండి.

"పెద్దోడు ఫోన్ చేసినాడా?" అని అమ్మ రోజూ అడుగుతోంది. చేశాడని చెబుతున్నాను.

నోరు పారేసుకున్న నీ చెల్లెలు,
హేమావతి

తా.క. 20వ తేదీ. పైదంతా రాసి రెండు రోజులైంది, పోస్టు చేయలేకపోయాను. అన్నా, నేను ఇంకో మందు ఇచ్చాను. అమ్మ మోకాళ్ల నొప్పులని మూలుగుతుంటే షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చాను. ఇరవై రోజులు, పూటకొకటి. అమ్మ తనంతట తాను లేచి తిరిగితేనే నేను గార్మెంట్స్ పనికి బస్సెక్కగలను. పలచన మాత్రతో అది కలిస్తే కడుపులో రక్తం కారుతుందని అప్పుడు నాకు తెలియదు. కానీ నర్సమ్మ అడిగినప్పుడు ఆ అట్ట నా పర్సులోనే ఉంది. అమ్మ నా వైపు చూసి కళ్లు మూసుకుంది.

ఈ పొద్దున అమ్మను వెంటబెట్టుకుని పోయి రూతమ్మకు చెప్పాను. "ఎంత పని చేసినావమ్మా! తెలీక పలచన మాత్ర తగ్గించినాము. వాల్వులో రక్తం గడ్డ కట్టింటే?" అంది. పరీక్ష చేసి డాక్టరు మళ్లీ ఒకటిన్నరే రాశారు. వదిన చెప్పిందే సరైన లెక్క. పట్టీ మళ్లీ రాశాను, ఆ నొప్పి మాత్ర ఇవ్వకూడదని కూడా. ఇందులో పెట్టింది ఆ కొత్త పట్టీ నకలే.

ఆ రోజు ఎందుకు చెప్పలేదని బస్సులో అమ్మను అడిగాను. "అందరి ముందర నిన్ను అంటారు కదే" అంది.

ఈ ముక్క వదినకు నువ్వే చదివి వినిపించు. ఆమె ఏమన్నా పడతాను.