కాగితంలో ఇరవై ఒకటి

గుంటూరు,
3 మార్చి 1969

చి.ల.సౌ. సూర్యప్రభకు పట్టాభి ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం. జనవరిలో మొదలైన ప్రత్యేక తెలంగాణ గొడవల్లో మా హైదరాబాదు ఆఫీసులోని ఆంధ్రావాళ్ళం చాలామందిమి బదిలీ అడిగి వచ్చేశాం. నువ్వు మాత్రం ఆ దిల్‌సుఖ్‌నగర్ అద్దె ఇల్లు వదలవు. మనం విడిపోయి తొమ్మిదేళ్ళయినా నీ మొండితనం నాకు కొత్త కాదు.

అసలు సంగతి రాస్తున్నాను. కోర్టు చెప్పిన ప్రకారం అబ్బాయి మనోవర్తి ఏ నెలా తప్పకుండా మనియార్డరు చేశాను. కాగితాల ప్రకారం చక్రపాణికి పోయిన నెలతో ఇరవై ఒకటి నిండింది. ఇక తండ్రికి బాధ్యత లేదని మా ప్లీడరుగారి మాట. ఈ నెల నుంచి పంపలేను. వేరేగా అనుకోకు.

పట్టాభి


దిల్‌సుఖ్‌నగర్,
19 మార్చి

శ్రీ పట్టాభి గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం పదకొండు రోజులకు చేరింది. బందు పేరుతో మూసారాంబాగ్ దగ్గర బస్సులు ఆపేస్తే పోస్టుమాన్ నడిచే వచ్చాడు.

చక్రపాణి బాగున్నాడు. బరువెక్కాడు. మంచం మీద నుంచి లేపాలంటే పక్కింటి ఎస్తేరమ్మ సాయం రావలసిందే. ఆవిడ దవాఖానలో ఆయా. మీ ఉత్తరం చదివి వినిపిస్తే ఏమందో తెలుసా? "ఏందమ్మా గిది? ఇరవై ఒకటి నిండితె పిలగాడు తన బువ్వ తనే కలుపుకుంటడా?"

అయినా ఏ ఇరవై ఒకటండీ? నా బిడ్డ యాభై ఒకటిలో తెనాలిలో, మా పుట్టింట్లో పుట్టాడు. ఆ మరుసటి ఏడు, ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడ పుట్టి పెరిగిన ముల్కీలకేనని గొడవ మొదలైతే, రేపు ఉద్యోగానికి పనికొస్తుందని, వాడు మూడేళ్ళ ముందే సైదాబాదులో పుట్టినట్టు దొంగ కాగితం రాయించింది మీరే. ఏడాది దాటినా మెడ నిలపడం లేదని నేను ఏడుస్తుంటే "తహసీల్దారు అవుతాడు చూడు" అన్నారు. ఆ కాగితం నా పెట్టెలోనే ఉంది.

మీ లెక్క తప్పని కోర్టులో చూపిస్తే మూడేళ్ళు గెలుస్తాను. తరువాత? నలభై ఏళ్ళొచ్చినా వాడికి ఎవరో ఒకరు అన్నం పెట్టాల్సిందే. అప్పటికి నేను ఉంటానో లేదో. నేనడిగేది మూడేళ్ళు కాదు, వాడి బతుకంతా.

సూర్యప్రభ


గుంటూరు,
2 ఏప్రిల్

సూర్యప్రభకు,

అలాంటి సంగతులు ఉత్తరాల్లో రాస్తారా? దొంగ ముల్కీల మీద ఆరా తీస్తున్న రోజులివి. పైవాళ్ళకు తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. ఆరు నెలలది ఒకేసారి మనియార్డరు చేశాను. ఆ కాగితం ఎవరి కంటా పడనివ్వకు. నీ మీద కోపం లేదు. భయంగా ఉంది, అంతే.

పట్టాభి


దిల్‌సుఖ్‌నగర్,
20 జూన్

పట్టాభి గారికి,

మనియార్డరు తిప్పి పంపాను, ఈపాటికి అందే ఉంటుంది. డబ్బు అక్కర్లేక కాదు. కర్ఫ్యూలో జాకెట్లు కుట్టించుకునేవాళ్ళెవరు? నా మిషను మూతపడింది. ఎస్తేరమ్మ పంపే జొన్నరొట్టెలు పాలలో నానబెడితే చక్రపాణి ఇష్టంగా తింటున్నాడు.

మీరు డబ్బు పంపింది కొడుక్కి కాదు, ఆ కాగితానికి. బెదిరించి తెచ్చిన అన్నం నా బిడ్డకు పెట్టను. అందుకే నిన్న ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టాను. మీ ఉద్యోగానికి ఇక భయం లేదు. నాకిక మీ మీద ఆధారమూ లేదు. ఎస్తేరమ్మ బాగా తిట్టింది. "జర తెలివుండాలె గదమ్మా! చేతిలున్న కట్టెను ఎవలన్న పొయ్యిల పెట్టుకుంటరా?"

నాకూ భయంగానే ఉంది. వాడు మీ కొడుకని అనిపిస్తే పంపండి. లేకపోతే మానేయండి.

సూర్యప్రభ


గుంటూరు,
11 జులై

ప్రియమైన ప్రభకు,

నీ ఉత్తరం చూపిస్తే ప్లీడరు "మీ పంట పండింది" అన్నాడు. ఆ మాటకు సిగ్గుతో చచ్చిపోయాను. నీకొకటి చెప్పాలి. తన్ను తాను పోషించుకోలేని బిడ్డ అయితే కోర్టు వయసు చూడకపోవచ్చని ఆయన మార్చిలోనే అన్నాడు. ఆ ముక్క నీకు రాయనిది నేనే.

నిన్న కోర్టుకు వెళ్ళి, వాడు బతికున్నన్నాళ్ళూ మనోవర్తి నాదేనని రాసి సంతకం చేశాను. నా తదనంతరం నా ప్రావిడెంటు ఫండు వాడికే. పుట్టిన ఊరు తెనాలి అని, సంవత్సరం యాభై ఒకటి అని నిజమే వేశాను. దానివల్ల ఉద్యోగానికి ముప్పు వస్తే రానీ.

ఇంకొకటి. ఇది పదిహేడేళ్ళుగా నోట్లోనే ఉండిపోయింది. తహసీల్దారు అవుతాడన్నది తెలియక అన్న మాట కాదు. ఆ ముందు రోజు గాలికి తిప్పుకొస్తానని చెప్పి వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. వీడు నడవడు, మాట్లాడడు అన్నాడాయన. నీతో చెప్పడానికి నోరు రాలేదు. మర్నాడు పోయి ఆ కాగితం రాయించుకొచ్చాను. ఉద్యోగానికి కాగితమంటూ ఉంటే పిల్లవాడు దానికి తగ్గట్టు పెరుగుతాడేమోనని పిచ్చి ఆశ. నువ్వు నన్ను తెలివితక్కువవాడనుకున్నావు. కాదు ప్రభా, పిరికివాణ్ణి.

రైళ్ళు నడిస్తే సోమవారం బయలుదేరతాను. వాణ్ణి ఎలా లేపాలో నేర్పు. దేనికి ఏడుస్తాడో, దేనికి నవ్వుతాడో చెప్పు. నాకు ఏమీ తెలియదు.

చక్రపాణి నాన్న