నీ పేరు నుంచి ఒక్క బాణం

షబానా,

నువ్వు జ్వరంతో పోయి ఇవాళ్టికి ఏడాది. క్లాసులో మేడం మళ్లీ చర్చ పెట్టారు. అందరి పేర్లూ చార్టు మీద గుండ్రంగా రాసి, ఎవరు ఎవరితో మాట్లాడితే అటు బాణం గీస్తారు, గుర్తుందా? ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారో, ఎవరికి వంతు రావడం లేదో బాణాలే చూపిస్తాయంటారు.

కొత్త చార్టు లేక, నిరుడు మనం వాడిందే తిప్పి గోడకు అంటించారు. స్కెచ్ పెన్ను రంగు ఇవతలికి దిగి, నీ పేరు తిరగబడి కనిపిస్తోంది. చర్చంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"ఏందే, నోటికి తాళమేశావా? ఇవాళన్నా మాకు వంతొచ్చిందిలే!" అని శిరీష నవ్వింది.

బెల్లు కొట్టాక చార్టు ఊడదీసి, నిరుటి వైపు తిప్పి చూశాను. నా పేరు నుంచి బాణాలు అన్ని వైపులకీ పోయాయి. నీ పేరు నుంచి ఒక్కటే ఉంది, అది నా దగ్గరికి వచ్చింది. నా నుంచి నీకు ఒక్కటీ లేదు.

అంటే ఆ రోజు నువ్వు నన్నేదో అడిగావు. ఇంటికొచ్చి నా నిరుటి నోటుబుక్కు తీశాను. ఆ రోజు నేను మాట్లాడిన మంచి మాటలన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాను. నీ మాట అందులో లేదు.

ఆ సాయంత్రం మాచర్ల బస్సులో గంటసేపు నా పక్కనే కూర్చున్నావు. మళ్లీ అడగలేదు.

ఏం అడిగావే?