చాయ్ తాగేసిన ఎనిమిదో అంకె

అనార్కుల్ వదినకు,

కొండ మీది మేతబీడుకు, మీ దగ్గరికి వస్తున్న బెక్‌తూర్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. చివరిదాకా చదివి, తర్వాత తిట్టండి. మన తేనె సీసాల బార్‌కోడ్ కోసం మీరు తెచ్చిన పదమూడంకెల నంబరు కాగితం మీద పాలచాయ్ ఒలకబోశాను. ఎనిమిదో అంకె ఆనవాలు లేకుండా పోయింది. మీకక్కడ ఫోను అందదు. మధ్యాహ్నంలోపు నంబరు చెప్పకపోతే లేబుళ్లు అచ్చువేసేవాడు మన పని పక్కన పడేస్తానన్నాడు.

"చివరి అంకె మిగతా పన్నెండింటికీ కాపలా" అని మీరన్నదీ, "వాడికి జీతమెవరిస్తారో" అని నేను నవ్విందీ అప్పుడు గుర్తొచ్చాయి. మీరు చెప్పినట్టే రెండోది, నాలుగోది, అలా ఒకటి విడిచి ఒకటి మూడింతలు చేశాను. తక్కినవి ఉన్నవున్నట్టే కలిపాను. అత్తయ్య తన ఆట గింజలు పరిచి లెక్కపెట్టారు. చెరిగినది కాక డెబ్బై తొమ్మిది. మొత్తం సున్నాతో ముగియాలి. ఎనిమిదోదీ మూడింతలే కాబట్టి ఒక్కో అంకే పెట్టి చూశాం. ఏడు ఒక్కటే కుదిరింది. ఏడు మూళ్లు ఇరవై ఒకటి, వెరసి వంద! కాపలావాడికి దండం పెట్టాను వదినా. లేబుళ్లు అచ్చవుతున్నాయి.

అత్తయ్య మాత్రం, "ఇందులో వింతేముందే? మందలో రాని గొర్రె ఏదో వచ్చినవాటిని చూస్తే తెలీదా?" అన్నారు.

వసంతంలో మీ ఇద్దరికీ మాటామాటా పెరిగాక ఆవిడ మీ పేరెత్తలేదు. ఇవాళ గింజలు సంచిలో వేసుకుంటూ, తలెత్తకుండా అడిగారు.

"అది ఎప్పుడు దిగుతుందట?"

ఏం చెప్పమంటారు?

మీ మరదలు